ఆర్నెల్లు ఊళ్ళో ఉండకపోతే బండిని ఎలా పెట్టి వెళ్ళాలి

అమ్మాయి పురుటికని అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు, కాంట్రాక్టు పని మీద గల్ఫ్‌కు పోయేవాళ్ళు, హాస్టల్లో చేరుతూ బైకునో స్కూటర్నో ఇంటిదగ్గర వదిలేసే పిల్లలు... వెళ్ళేముందు తాళంచెవి పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి అందరూ చెప్పే మాట ఒకటే: "వారానికోసారి స్టార్ట్ చేసి ఓ ఐదు నిమిషాలు ఉంచండి, చాలు." పక్కింటాయన మాట తప్పడు. వారం వారం కిందికి దిగి స్టార్ట్ చేస్తాడు, ఐదు నిమిషాలు నిలబడి ఆపేస్తాడు. బండిని ఎక్కువగా పాడుచేసేది ఆ ఐదు నిమిషాలే.

పెట్రోలు మండినప్పుడు పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజను బాగా కాగితే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాలకు ఇంజనూ కాగదు, సైలెన్సరూ కాగదు. ఆవిరి లోపలే చల్లబడి నీళ్ళై కొంత ఆయిల్లో కలుస్తుంది, కొంత సైలెన్సర్ అడుగున నిలుస్తుంది. వారం వారం ఇదే జరిగితే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది, సైలెన్సర్ లోపలినుంచి తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. బ్యాటరీకీ లాభం లేదు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు హెడ్‌లైట్ ఆపే స్విచ్చే ఉండదు. సెల్ఫ్ కొట్టినప్పుడు లాగిన కరెంటు, ఐడ్లింగ్‌లో లైటు వెలుగుతూ ఉండగా ఐదు నిమిషాల్లో తిరిగి ఎక్కదు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇదీ. లైసెన్సున్న మనిషెవరైనా పదిహేను రోజులకోసారి బండిని రోడ్డెక్కించి 10, 15 కిలోమీటర్లు నడిపేట్టయితే ఇక ఏ ఏర్పాటూ అక్కర్లేదు. అలాంటి మనిషి లేకపోతే బండిని పద్ధతిగా మూసి పెట్టి, ఎవర్నీ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళండి. మధ్యేమార్గం లేదు. రెండు మూడు వారాల ప్రయాణానికైతే టైర్లలో గాలి చూసుకుని వెళ్ళిపోవచ్చు. నెల దాటితే పెట్రోలు, బ్యాటరీ సంగతి చూడాలి. మూడు నెలలు దాటితే కింద చెప్పినవన్నీ చేయాలి. అన్నీ కలిపి ఒక పూట పని. ఎలక్ట్రిక్ స్కూటర్ల లెక్క వేరు, ఇక్కడ చెప్పేది పెట్రోలు బండ్ల గురించే.

ముందు చోటు చూసుకోండి

మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో బండి ఉండేది సెల్లార్లో. వానాకాలం మధ్యలో పడేట్టయితే సెల్లార్ వద్దు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు మునిగిపోయాయి. సొంత మనుషుల ఇంటి వరండా గానీ, ర్యాంపు పైనున్న స్టిల్ట్ పార్కింగ్ గానీ దొరికితే అక్కడ పెట్టండి. సెల్లార్ తప్ప దిక్కు లేకపోతే డ్రైనేజీ మోటారుకు దూరంగా, నేల కాస్త ఎత్తున్న మూల చూసుకోండి. రేకుల షెడ్డు నీడనిస్తుంది గానీ ఎండాకాలంలో ఆ వేడికి ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతుంది, సీటు పగులుతుంది.

విశాఖ, కాకినాడ, బందరు, నెల్లూరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇంకో బెడద ఉంది. ఉప్పుగాలికి స్పోకులు, నట్లు, సైలెన్సర్ నెలలోనే ఎర్రబడతాయి. అక్కడ గోడలున్న గది దొరికితే మంచిది. లేకపోతే కింద తుప్పు దగ్గర చెప్పే పని రెండింతలు శ్రద్ధగా చేయండి.

పెట్రోలు

ఎక్కువ బండ్లు పాడయ్యేది ఇక్కడే, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే అందులో 20 శాతం వరకు ఇథనాల్. ఇథనాల్ గాల్లోని చెమ్మను పీల్చుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో ఉన్న గాలి పగలు వ్యాకోచిస్తుంది, రాత్రి చల్లబడి బయటి తేమగాలిని లోపలికి లాగుతుంది. వానాకాలమంతా ఇది రోజూ జరిగే పని. నీళ్ళ మోతాదు మించాక ఇథనాలూ నీళ్ళూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతాయి. పాత బండి ట్యాంకు అడుగునుంచి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే తెలుస్తుంది: పైన తేటగా పెట్రోలు, కింద వేలెడు మందాన మబ్బుపట్టిన నీరు, రెంటి మధ్య గీత గీసినట్టు అంచు. ఇంజను మొదట లాగేది ఆ కిందిదాన్నే.

విరుగుడు, ట్యాంకులో గాలికి చోటు లేకుండా చేయడం. వెళ్ళే ముందురోజు తాజాగా పెట్రోలు కొట్టించండి. నిండుగా అంటే మెడ దాకా కాదు. మూత తీస్తే లోపల కనిపించే మెడ గొట్టం కింది అంచు వరకే. అంతకు మించి పోస్తే ఎండకు పెట్రోలు పొంగి కారుతుంది, ట్యాంకు రంగు పోతుంది. ఫ్యూయల్ స్టెబిలైజర్, అంటే పెట్రోలు పాతబడకుండా కాపాడే మందు దొరికితే డబ్బా మీద రాసిన మోతాదులో ముందు ట్యాంకులో పోసి, ఆ తర్వాత పెట్రోలు కొట్టించండి, అప్పుడే బాగా కలుస్తుంది. అక్కడినుంచి కనీసం 10 కిలోమీటర్లు నడుపుతూ ఇంటికి రండి. మందు కలిసిన పెట్రోలు ఇంజెక్టర్ దాకా చేరాలి కదా. వచ్చాక ట్యాంకు మళ్ళీ అంచు వరకు ఉందో లేదో చూసుకోండి.

ఇక్కడినుంచి రెండు రకాల బండ్లకు రెండు దారులు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్‌6 బండ్లలో దాదాపు అన్నీ ఇంజెక్షన్ బండ్లే, అంటే పంపు ఒత్తిడితో ఇంజెక్టర్ పెట్రోలును ఇంజన్లోకి చిమ్మేవి. వీటిలో ఇంకేం చేయక్కర్లేదు. ట్యాంకు మాత్రం ఖాళీ చేయొద్దు. పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. ఆ పెట్రోలే దానికి చలువ. ఎండిన ట్యాంకులో పంపు బిగుసుకుపోతే మార్చాల్సిందే, అది చిన్న ఖర్చు కాదు.

కార్బురేటర్ బండి, అంటే చిన్న గిన్నెలో పెట్రోలు నిలిపి గాలితో కలిపి ఇంజనుకు పంపే పాత పద్ధతి బండి అయితే, ట్యాంకు కింద ఉండే పెట్రోలు కాక్ ఆఫ్‌లో పెట్టి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. ఆగాక కార్బురేటర్ గిన్నె కింద ఉన్న చిన్న డ్రెయిన్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, మిగిలిన పెట్రోలు సీసాలోకి పట్టి మళ్ళీ బిగించండి. ఈ పని మానేస్తే ఏమవుతుందంటే, గిన్నెలో మిగిలిన నాలుగు చెంచాల పెట్రోలు ఆవిరై పసుపుపచ్చ జిగురు మిగులుతుంది. అది ఐడ్లింగ్‌కు పెట్రోలు అందించే పైలట్ జెట్ రంధ్రంలో గట్టిపడుతుంది. ఆ రంధ్రం గుండుసూది కూడా దూరనంత సన్నం. తిరిగొచ్చాక బండి చోక్ వేస్తేనే నడుస్తుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది. మెకానిక్ కార్బురేటర్ విప్పి కడగాల్సిందే.

పెట్రోలు పట్టే పని ఆరుబయటే చేయండి. దీపం, అగరొత్తి, బీడీ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇంజన్ ఆయిల్

పెట్రోలు కొట్టించి వచ్చిన వేడి మీదే ఆయిల్ మార్చేయండి. తిరిగొచ్చాక మార్చుకుందాంలే అనుకోవడం సహజం, కానీ లెక్క తిరగబడుతుంది. వాడిన ఆయిల్లో మండిన పెట్రోలు తాలూకు ఆమ్లాలు, చెమ్మ కలిసి ఉంటాయి. బండి నడిచే రోజుల్లో అవి పెద్ద హాని చేయవు. ఆర్నెల్లు కదలకుండా బేరింగుల మీద కూర్చుంటే తినేస్తాయి. కొత్త ఆయిల్‌తో పడుకోబెట్టాలి. గ్రేడు, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉన్నంతే. గేర్ల బండికి డబ్బా మీద బైకు ఆయిల్ గుర్తు అయిన జాసో ఎంఏ (JASO MA) గానీ ఎంఏ2 గానీ రాసి ఉండాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. పోశాక రెండు నిమిషాలు ఇంజను తిప్పి, ఆపి, లెవెల్ చూసుకోండి. కార్బురేటర్ బండిలో గిన్నె ఖాళీ చేసే పని దీని తర్వాతే.

ఆరు నెలలు దాటి ఉంచుతున్నా, సముద్రం పక్క ఊరైనా, సిలిండర్‌లో కూడా కాస్త ఆయిల్ వేయాలి. ఇంజను పూర్తిగా చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పండి. విప్పేముందు దాని చుట్టూ ఉన్న మట్టి ఊదేయండి, లేకపోతే అదంతా సిలిండర్లోకి పడుతుంది. ఆ రంధ్రంలోంచి ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల కొత్త ఇంజన్ ఆయిల్ వేయండి. తాళం ఆఫ్‌లోనే ఉంచి నాలుగైదు సార్లు మెల్లగా కిక్ తొక్కితే ఆయిల్ గోడలకు పాకుతుంది. కిక్ లేని గేర్ల బండిని సెంటర్ స్టాండ్ వేసి, టాప్ గేర్లో పెట్టి, వెనక చక్రం చేత్తో తిప్పండి. ప్లగ్ మొదట చేత్తో పూర్తిగా ఎక్కించి, ఆ తర్వాతే పానాతో బిగించండి. వంకరగా ఎక్కితే హెడ్ మర పోతుంది. ఒక చెంచాకు బదులు గ్లాసు పోసేవాళ్ళూ ఉన్నారు. అది మంచిది కాదు. ద్రవం నొక్కుకోదు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కడగడం, తుప్పు

ఈ పని వెళ్ళేముందు రోజు కాదు, రెండు మూడు రోజుల ముందే చేయండి. కడిగిన నీళ్ళు ఆరకుండా కవరు కప్పితే అంతకంటే కడక్కపోవడమే నయం. మడ్‌గార్డుల లోపలి బురద, ఇంజను రెక్కల మధ్య మట్టి, ట్యాంకు మీద పిట్టల రెట్టలు మిగలకూడదు. రెట్టలో ఉండే ఆమ్లం రంగును తింటుంది. కడిగాక ఓ చుట్టు తిప్పి తెచ్చి ఎండలో గంటసేపు ఉంచండి. ట్యాంకుకు వ్యాక్స్ పాలిష్ పూయండి. క్రోమ్ భాగాలు, స్పోకులు, స్టాండు స్ప్రింగు, ఫుట్‌రెస్టులు, బయటికి కనిపించే నట్ల మీద పాత బనీను ముక్కతో ఇంజన్ ఆయిల్ పలచగా పూయండి, లేదా డబ్ల్యూడీ-40 కొట్టి తుడవండి. బ్రేక్ డిస్క్ మీద, టైర్ల మీద ఒక్క చుక్క పడకూడదు.

చైన్ విషయంలో పిసినారితనం వద్దు. కిరోసిన్‌లో ముంచిన పాత టూత్ బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆరాక చైన్ లూబ్ గానీ 90 నంబర్ గేర్ ఆయిల్ గానీ లోపలివైపు నుంచి వేయండి. చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజను స్టార్ట్ చేసి గేర్లో పెట్టి చైన్ తుడవబోయి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఓ-రింగ్ చైన్‌కు పెట్రోలు వాడొద్దు, రబ్బరు రింగులు ఉబ్బుతాయి.

బ్యాటరీ

తాళం ఆఫ్‌లో ఉన్నా బండి కరెంటు తాగుతూనే ఉంటుంది. డిజిటల్ మీటర్లో గడియారం, అలారం, జీపీఎస్ ట్రాకర్ చుక్క చుక్కగా లాగుతాయి. పూర్తిగా దిగిపోయిన లెడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద తెల్లటి సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా నిలవదు.

ముందు నెగటివ్, అంటే నల్ల వైరు విప్పండి. తర్వాతే ఎర్రది. ఈ వరసకు కారణం ఉంది. నెగటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతూ పానా ఫ్రేముకు తగిలితే నిప్పులు చిమ్ముతాయి. తిరిగి పెట్టేటప్పుడు ఎర్రది ముందు, నల్లది చివర. విప్పితే గడియారం టైమ్ మళ్ళీ పెట్టుకోవాలి, అంతకుమించి ఏమీ పోదు.

తీసిన బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేయించండి. ఛార్జింగ్ ఆపి ఓ పూట ఉంచాక మల్టీమీటర్లో 12.6 వోల్టులకు పైన చూపాలి. 12.4 ఉంటే ముప్పావు వంతే ఉన్నట్టు. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఛార్జింగ్ కరెంటు బ్యాటరీ ఆంపియర్-అవర్లలో పదో వంతు మించకూడదు: 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియరు. పెద్ద కారు ఛార్జర్ తగిలించి గంటలో ఎక్కించే షాపులో బైకు బ్యాటరీ ఉడికిపోతుంది. ఛార్జ్ చేసిన బ్యాటరీని ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. ఇంట్లో ఎవరైనా ఉంటే రెండు నెలలకోసారి ఛార్జ్ పెట్టమనండి. ఎవరూ లేకపోయినా, మంచి బ్యాటరీ అయితే చల్లని చోట ఆర్నెల్లు తట్టుకుంటుంది. లిథియం బ్యాటరీ అయితే దాని ఛార్జర్ దానికే ఉండాలి.

టైర్లు, బ్రేకులు

సైడ్ స్టాండ్ మీద నెలల తరబడి వదిలితే బరువంతా టైర్ల మీద ఒకే చోట పడి అక్కడ చదునవుతుంది. గాలి తగ్గిన టైరైతే ఇంకా త్వరగా. మాన్యువల్లో ఉన్నదానికంటే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ కొట్టించి, సెంటర్ స్టాండ్ వేయండి. ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం కూడా లేపగలిగితే మరీ మంచిది, కానీ దిమ్మ సైలెన్సర్ పైపు కింద కాదు. సెంటర్ స్టాండ్ లేని బండ్లకు, చక్రాన్ని నేలనుంచి లేపి పట్టే ప్యాడాక్ స్టాండు వాడండి. అదీ లేకపోతే టైర్ల కింద ప్లైవుడ్ ముక్క వేసి, నెలకోసారి బండిని అరచక్రం ముందుకు తోయమని చెప్పండి. చేయనివ్వదగ్గ సాయం ఇదొక్కటే.

బ్రేక్ ఆయిల్ కూడా చెమ్మ పీల్చేదే. మార్చి రెండేళ్ళు దాటి ఉంటే ఇప్పుడే మార్పించండి.

ఎలుకలు

సీటు కింద చీకటి, మెత్తటి స్పాంజి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో వెచ్చదనం, ఎలుకకు ఇంతకంటే ఏం కావాలి. వైరింగ్ కొరికితే ఇంజెక్షన్ బండిలో ఏ వైరు తెగిందో వెతకడానికే రోజులు పడుతుంది. పక్కన చెత్త డబ్బా, బియ్యం మూటలు, కుక్కలకు పెట్టే అన్నం లేకుండా చూడండి. కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి సీటు కింద, ఇంజను పక్కన వేలాడదీయండి. వాటి ఘాటు నెలకు తగ్గిపోతుంది కాబట్టి వాటినే నమ్ముకోవద్దు. దగ్గర్లో ఎలుకల బోను పెట్టే ఏర్పాటు ఉంటే అదే మేలు. మందు పెడితే ఎలుక సీటు కిందే చచ్చి పడి ఉంటుంది.

సైలెన్సర్ చల్లారాక దాని మూతిలో గుడ్డ కుక్కి, పైన ప్లాస్టిక్ కవరు కట్టండి. లేకపోతే కందిరీగలు లోపల మట్టి గూళ్ళు కడతాయి. ఆ గుడ్డకు ఎర్ర రిబ్బను ఒకటి కట్టి హ్యాండిల్ దాకా లాగి ముడేయండి, మర్చిపోకుండా.

కవరు, తాళం, కాగితాలు

టార్పాలిన్, పాలిథీన్ పట్టా కప్పొద్దు. నేల నుంచి లేచిన చెమ్మ బయటికి పోలేక రాత్రికి నీటిబొట్లై బండి మీదే రాలుతుంది. ముందు పాత నూలు దుప్పటి, దాని మీద గాలాడే బైకు కవరు. కింద జానెడు ఎడం ఉంచండి.

గొలుసు తాళం వెనక చక్రంలోంచి స్తంభానికి వేయండి. ఒక తాళంచెవుల గుత్తి నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి. నీళ్ళొస్తే బండిని పైకి తోయాలంటే హ్యాండిల్ లాకు తీయాలి కదా. ఆ మనిషికి మరొకటి గట్టిగా చెప్పండి: బండి మునిగితే ఎట్టి పరిస్థితుల్లో స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లో నీళ్ళుండగా తిప్పితే ఇంజను లోపల విరుగుతుంది.

2018 సెప్టెంబరు నుంచి కొత్త బండ్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికి) ఐదేళ్ళకు కలిపి ఇస్తున్నారు. దాంతో చాలామంది ఇన్సూరెన్స్ ఉందిలే అనుకుంటారు. దొంగతనానికీ వరదకీ డబ్బిచ్చేది ఓన్ డ్యామేజ్, అంటే మన బండి నష్టానికి వర్తించే భాగం. అది చాలా బండ్లకు ఏడాదికే ఉంటుంది, చడీచప్పుడు లేకుండా అయిపోతుంది. మీరు లేని నెలల్లో దాని గడువు పడుతుంటే ముందే కట్టేయండి. గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యూ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. దొంగతనం క్లెయిమ్‌కు రెండు తాళంచెవులూ అడుగుతారు, రెండోది ఎక్కడుందో గుర్తుంచుకోండి.

మంచు పడే దేశాల్లో ఉన్నవాళ్ళకు

షికాగో, టొరంటో లాంటి చోట్ల బండిని నవంబరు నుంచి మార్చి దాకా పెట్టే తెలుగువాళ్ళకు పై పద్ధతే చాలావరకు సరిపోతుంది, రెండు మార్పులతో. బ్యాటరీ ఖాళీగా ఉంటే సున్నాకు కొన్ని డిగ్రీల కిందే గడ్డకట్టి డబ్బా పగులుతుంది, నిండుగా ఉన్నది అంత తేలిగ్గా గడ్డకట్టదు. అందుకని అక్కడ ఫ్లోట్ ఛార్జర్ (ఛార్జ్ తగ్గకుండా కాస్త కాస్తగా ఎక్కించేది) తగిలించి ఉంచడమో, ఇంట్లోకి తెచ్చుకోవడమో తప్పదు. రేడియేటర్ ఉన్న బండిలో మామూలు నీళ్ళు కలిపి ఉంటే తీసి, చలికి తగిన కూలెంట్ పోయించండి. రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలుపెట్టకముందే చివరిసారి కడిగి లోపల పెట్టేయండి.

తిరిగొచ్చిన రోజు

ఊరినుంచి దిగగానే స్టార్ట్ చేయకండి. ముందు రిబ్బను పట్టుకుని సైలెన్సర్ గుడ్డ తీయండి. సీటు విప్పి వైర్లు చూడండి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి గూడేమైనా ఉందేమో చూడండి. టైర్లలో గాలి మామూలుకు తెచ్చి, బ్యాటరీ ఛార్జ్ చేసి బిగించండి. ట్యాంకు మూత తీసి వాసన చూడండి. ఘాటైన పెట్రోలు వాసనైతే ఫర్వాలేదు. పాత వార్నిష్ లాంటి పుల్లటి వాసన కొడితే ఆ పెట్రోలు తీయించి కొత్తది పోయించండి.

ఇంజెక్షన్ బండిలో తాళం ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు పంపు జుయ్‌మని పలకాలి. రెండు సార్లు ఆన్, ఆఫ్ చేసి ఆ శబ్దం విని, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టండి. కార్బురేటర్ బండికి కాక్ ఆన్ చేసి నిమిషం ఆగి, తాళం ఆన్ చేయకుండానే పదిసార్లు కిక్ తొక్కండి, ఆయిల్ పైకి ఎక్కుతుంది. అప్పుడు చోక్ వేసి స్టార్ట్ చేయండి. సిలిండర్లో ఆయిల్ వేసి ఉంటే మొదటి రెండు నిమిషాలు తెల్ల పొగ వస్తుంది, కంగారు పడొద్దు. గేర్ల బండినైతే స్టార్ట్ చేయకముందే, ఇంజను ఆగి ఉండగా గేర్లో పెట్టి, క్లచ్ పూర్తిగా నొక్కి ముందుకూ వెనక్కూ కదిపి, మళ్ళీ న్యూట్రల్‌కు తెండి. క్లచ్ ప్లేట్లు అతుక్కుని ఉంటే స్టార్ట్ చేసి గేర్ వేయగానే బండి ఒక్కసారిగా దూకుతుంది.

గేటు దాటకముందే రెండు బ్రేకులూ నాలుగైదు సార్లు పట్టి చూడండి. డిస్క్ మీద పలచని తుప్పు ఉంటే గరగరమంటుంది, పది బ్రేకులకు పోతుంది. పోకుండా చక్రం పట్టేస్తుంటే డిస్క్‌ను నొక్కిపట్టే క్యాలిపర్ బిగుసుకుందని అర్థం, మెకానిక్ దగ్గరికి తోసుకునే వెళ్ళండి, నడిపి కాదు. అన్నీ సరిగ్గా ఉంటే 40 దాటకుండా 10 కిలోమీటర్లు తిప్పి, ఆ రాత్రికి బండి కింద పాత న్యూస్‌పేపర్ పరిచి ఉంచండి. ఆర్నెల్లు ఎండిన ఆయిల్ సీళ్ళు, గాస్కెట్లు ఎక్కడైనా కారుతుంటే తెల్లారేసరికి కాగితం మీద మరకే చూపిస్తుంది.